మీటరు ముచ్చట్లు: సోలార్ ఇంటికి ఏడాది చివర వచ్చే బిల్లు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే గోల. "సోలార్ పెట్టించుకుంటే ఇక బిల్లే రాదన్నారు, వచ్చింది" అని. అందుకే పంపులు, గీజర్లు, జనరేటర్ల ప్రశ్నలన్నీ వచ్చే నెలకు వాయిదా వేసి పేజీ మొత్తం దీనికే ఇస్తున్నాను. ముందే ఒక మాట. ఇక్కడ చెప్పేదంతా ఉత్తర కాలిఫోర్నియాలో పీజీ అండ్ ఈ అనే కంపెనీ కరెంటు వాడే ఇళ్ళకే వర్తిస్తుంది. శాంటా క్లారా ఊళ్ళో ఉన్నవారికి సిలికాన్ వ్యాలీ పవర్, మౌంటెన్ హౌస్ వారికి మోడెస్టో ఇరిగేషన్ డిస్ట్రిక్ట్, ఫోల్సమ్ వారికి స్మడ్ కరెంటు ఇస్తాయి. వాళ్ళ పద్ధతులు వేరు. మీరు ఈ లెక్కలు పట్టుకుని వాళ్ళతో వాదనకు దిగి, నా పేరు చెప్పకండి.

ప్రశ్న: బాబాయి గారూ, మాది ఫ్రీమాంట్. 2021లో సోలార్ పెట్టించాం. అప్పట్నుంచీ కరెంటుకు నెలకు పది పన్నెండు డాలర్లే కడుతున్నాం. కిందటేడు ట్రూ-అప్ బిల్లు 60 డాలర్లు వచ్చింది, సంతోషంగా కట్టేశాం. ఈ ఏడు 1,780 డాలర్లు వచ్చింది! మావారు ప్యానెళ్ళు పాడయ్యాయంటున్నారు. మా తోటికోడలేమో కంపెనీవాళ్ళే మోసం చేస్తున్నారంటోంది. మధ్యలో నాకు నిద్ర పట్టడం లేదు. ఈ ఏడాది కొత్తగా జరిగిందల్లా కారు కొనడం, మా అత్తగారూ మామగారూ వచ్చి ఆరు నెలలు ఉండి వెళ్ళడం, అంతే.

జవాబు: "అంతే" అన్న చోటే ఉందమ్మా 1,780 డాలర్లు.

మీరు 2021లో పెట్టించారు కాబట్టి నెమ్ 2 అనే పద్ధతిలో ఉన్నారు. నెట్ ఎనర్జీ మీటరింగ్‌లో రెండో విడత అన్నమాట. ఇందులో మీ ఇంటికీ కంపెనీకీ మధ్య ఉన్నది మన ఊళ్ళో కిరాణా కొట్టు ఖాతా లాంటిది. పగలు మీ కప్పు మీద మిగిలిన కరెంటు వాళ్ళకు ఇస్తారు, అది జమ. రాత్రి వాళ్ళ దగ్గర తెచ్చుకుంటారు, అది ఖర్చు. పుస్తకంలో రాసుకుంటూ పోవడమే, డబ్బు మాత్రం నెలనెలా అడగరు. పన్నెండు నెలలు నిండాక ఒకసారి గీత గీసి తేల్చుకుంటారు. ఆ తేల్చుకోవడమే ట్రూ-అప్. ఇన్నాళ్ళూ నెలనెలా మీరు కట్టిన పది పన్నెండు డాలర్లు కరెంటు ఖరీదు కాదు, తీగకూ మీటరుకూ కనీస చార్జీ మాత్రమే. (గ్యాసు వాడితే అది వేరే. దాన్ని ఏ నెలకు ఆ నెల కట్టాల్సిందే, సోలార్ క్రెడిట్లతో దానికి సంబంధం లేదు.)

ఇక మీ లెక్క చూద్దాం. ఉత్తరంలో కారు ఏడాదికి 12 వేల మైళ్ళు తిరిగిందనీ, ఇంట్లోనే చార్జింగ్ పెడుతున్నామనీ రాశారు. ఎలక్ట్రిక్ కారు ఒక యూనిట్‌కు మూడున్నర మైళ్ళు వెళ్తుందనుకుంటే, ఏడాదికి దాదాపు 3,400 యూనిట్లు. యూనిట్ 35 సెంట్ల లెక్కన 1,190 డాలర్లు. రెండోది, అత్తగారికి చలి ఆగదని వాళ్ళ గదిలో చిన్న హీటర్ పెట్టామన్నారు. ఆ చిన్న హీటర్లన్నీ 1,500 వాట్లవి. రాత్రికి 8 గంటలు వేస్తే 12 యూనిట్లు. చలికాలంలో నాలుగు నెలలు వేస్తే 1,440 యూనిట్లు, 500 డాలర్ల పైమాట. రెండూ కలిపితే 1,700 దగ్గరకు వచ్చేశాం. మిగతా చిల్లరంతా వంటింటిదీ లాండ్రీదీ.

కాబట్టి ప్యానెళ్ళు బాగానే ఉన్నాయి, కంపెనీవాళ్ళూ మోసం చేయలేదు. మీ తోటికోడలికి ఈ పేజీ చూపించండి. ఇంకో మాట. అదే 12 వేల మైళ్ళు పాత కారులో తిరిగి ఉంటే 400 గ్యాలన్ల పెట్రోలు పోయించేవారు. ఆ డబ్బు వారం వారం బంకులో ఇచ్చేవారు కాబట్టి ఇంత నొప్పి తెలిసేది కాదు. ఇప్పుడు ఏడాదిదంతా ఒకే కాగితం మీద కనబడేసరికి గుండె గుభేలుమంది. డబ్బు అదనంగా పోయింది హీటరుకు మాత్రమే. దానికీ అత్తగారిని ఏమీ అనకండి. వచ్చేసారి గది హీటర్ బదులు ఆవిడ పక్క మీద ఎలక్ట్రిక్ దుప్పటి వేయండి, వంద వాట్లతో పనైపోతుంది.

చేయాల్సిన పనులు రెండున్నాయి. ఒకటి, పీజీ అండ్ ఈకి ఫోన్ చేసి పేమెంట్ అరేంజ్‌మెంట్ కావాలని అడగండి. వాయిదాల్లో కట్టనిస్తారు. రెండోది ఇంకా ముఖ్యం. ప్రతి నెలా వచ్చే బిల్లులో సోలార్ లెక్కల పేజీ విడిగా ఉంటుంది. అందులో ట్రూ-అప్ కాలం మొదలైన దగ్గర్నుంచి ఈ నెల దాకా ఎంత పేరుకుందో ఒక వరుసలో ఉంటుంది. మైనస్ గుర్తు ఉంటే మీకు జమ ఉన్నట్టు, లేకపోతే మీరు బాకీ ఉన్నట్టు. మీ 1,780 డాలర్లు రాత్రికి రాత్రి ఊడిపడలేదు. నవంబర్ నుంచి నెలనెలా ఆ వరుసలో పెరుగుతూనే ఉన్నాయి, ఆ పేజీ ఎవరూ తిప్పలేదు, అంతే. కావాలంటే ఆ బాకీని ఏడాది చివరిదాకా ఆగకుండా నెలనెలా కొంత కట్టుకుంటూ పోవచ్చు కూడా. వద్దని ఎవరూ అనరు.

ప్రశ్న: అయ్యా, నేను లెక్కల మనిషిని. ఏడాదిలో గ్రిడ్‌కు 5,800 యూనిట్లు పంపాను, గ్రిడ్ నుంచి సరిగ్గా అంతే తీసుకున్నాను. అంటే సున్నా రావాలి కదా? నాలుగు వందల పైన కట్టమన్నారు. ఎక్కడో తప్పుంది. — ప్లెజంటన్

జవాబు: లెక్కల మనిషినన్నారు కాబట్టి లెక్కతోనే చెబుతాను. యూనిట్లు సరిపోయాయి, డాలర్లు సరిపోలేదు. ట్రూ-అప్‌లో తేల్చేది డాలర్లను, యూనిట్లను కాదు.

నెమ్ 2లో ఉన్న ప్రతి ఇల్లూ సమయాన్ని బట్టి రేటు మారే ప్లానులో ఉండాలి. మీరు ఈవీ2-ఏ అనే ప్లానులో ఉన్నారు. అర్ధరాత్రి నుంచి మధ్యాహ్నం 3 దాకా చవక. సాయంత్రం 4 నుంచి రాత్రి 9 దాకా అన్నిటికంటే ఖరీదు. అటూ ఇటూ, అంటే 3 నుంచి 4 దాకా, 9 నుంచి అర్ధరాత్రి దాకా, మధ్యస్థం. అసలు రేట్లు ఏడాదిలో చాలాసార్లు మారతాయి, వేసవికీ చలికాలానికీ తేడా ఉంటుంది. అందుకని చేతిలెక్కకు చవక 35 సెంట్లు, మధ్యస్థం 48, ఖరీదు 55 అనుకుందాం.

మీరు పంపిన 5,800లో 5,000 యూనిట్లు 3 గంటల లోపే వెళ్ళాయి. సూర్యుడు అప్పుడే కదా ఉండేది! 35 చొప్పున 1,750 డాలర్లు. మిగతా 800 సాయంత్రం ఎండవి, 55 చొప్పున 440. మొత్తం జమ 2,190. ఇక తీసుకున్నవి చూడండి. 2,000 యూనిట్లు సాయంత్రం 4 నుంచి 9 లోపు. మీ ఇంటివాళ్ళు ఆఫీసు నుంచి రావడం, ఏసీ, వంట, పిల్లల టీవీ అన్నీ అప్పుడే. 1,100 డాలర్లు. 9 తర్వాత అర్ధరాత్రి లోపు 1,200 యూనిట్లు, 576. మిగతా 2,600 చవకలో, 910. మొత్తం ఖర్చు 2,586. తేడా 396 డాలర్లు.

ఇంకా అయిపోలేదు. గ్రిడ్ నుంచి తీసుకున్న ప్రతి యూనిట్ మీదా నాన్ బైపాసబుల్ చార్జీలని ఉంటాయి. తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళ సబ్సిడీలు, పాత అణు విద్యుత్ కేంద్రాలను విప్పే ఖర్చు లాంటివి అందులో కలుస్తాయి. యూనిట్‌కు మూడు సెంట్లకు అటూ ఇటూ. మీ జమలో ఎన్ని వేల డాలర్లున్నా వీటిని కొట్టేయలేవు. నెమ్ 2లో కొత్తగా పెట్టిన మెలిక ఇదే. 5,800 ఇంటూ 3 సెంట్లు 174 డాలర్లు. (పైన నేననుకున్న రేట్లు ఇవి తీసేసినవి.) 396కు 174 కలిపితే 570. నెలనెలా మీరు కట్టిన కనీస చార్జీ 130 చిల్లర ఇందులోంచి తీసేస్తే 440 దాకా తేలుతుంది. మీకొచ్చిన బిల్లూ అంతే కదా.

డిష్‌వాషర్‌ను రాత్రి భోజనాలు కాగానే నొక్కే అలవాటుంటే అర్ధరాత్రికి టైమర్ పెట్టండి. బట్టల డ్రయర్ ఆదివారం పొద్దున వేసుకోండి. గ్రైండర్ గురించి మాత్రం ఎవరూ బెంగపెట్టుకోకండి. దోసెల పిండి రుబ్బడానికి పావు యూనిట్ కూడా పట్టదు. ఇక్కడ చాలా ఇళ్ళలో 4 నుంచి 9 మధ్య గ్రైండర్ వేయనివ్వకుండా ఏసీ మాత్రం 70లో పెట్టుకుంటున్నారు, నాకు నవ్వొస్తుంది.

ప్రశ్న: నా ఫోన్‌లో ప్యానెళ్ళ యాప్ ఏడాదికి 10,200 యూనిట్లు ఉత్పత్తి అయిందని చూపిస్తోంది. పీజీ అండ్ ఈ కాగితంలో వాళ్ళకు చేరింది 5,900 అని ఉంది. మిగతా 4,300 ఎవరు తిన్నారు? — శాన్ హోసే

జవాబు: మీరే బాబూ. పగలు ప్యానెళ్ళ కరెంటు ముందు మీ ఇంట్లోకే వెళ్తుంది. ఫ్రిజ్, రౌటర్, ఇంటి నుంచి పనిచేసే మీ కంప్యూటర్, మధ్యాహ్నం ఏసీ తినగా మిగిలినదే మీటరు దాటి బయటికి పోతుంది. కంపెనీ మీటరు కప్పు మీదికి చూడలేదు. ఇల్లు దాటి ఎంత పోయింది, ఎంత లోపలికి వచ్చింది, ఇవి రెండే దానికి తెలుసు.

నిజానికి ఆ 4,300 మీ ఉత్పత్తిలో అన్నిటికంటే విలువైన భాగం. వాటి మీద నాన్ బైపాసబుల్ చార్జీలు లేవు, రేటు గొడవ లేదు, ఎవరి దయా అక్కర్లేదు. మీ ఇంటి అసలు వాడకం తెలియాలంటే ఈ 4,300కు గ్రిడ్ నుంచి తీసుకున్నవి కలపండి. చాలామంది ఈ కూడిక చేయకుండా, "మా వాడకం ఇంతేనా!" అని మురిసిపోతుంటారు.

యాప్‌లో ఒక ప్యానెల్ సున్నా చూపిస్తోందని కూడా రాశారు. అది వేరే సంగతి. దాని వెనక ఉండే మైక్రోఇన్వర్టర్, అంటే ప్యానెల్ కరెంటును ఇంటికి పనికొచ్చేలా మార్చే చిన్న పెట్టె, పోయి ఉంటుంది. వారంటీ సాధారణంగా చాలా ఏళ్ళు ఉంటుంది, పెట్టినవాళ్ళను పిలవండి. నెలకోసారి యాప్ తెరిచి ప్యానెళ్ళన్నీ ఇంచుమించు సమానంగా ఉన్నాయో లేదో చూసుకోవడం మంచి అలవాటు. మా అమ్మాయి ఇంట్లో ఆ పని నాకు అప్పగించారు. విద్యుత్ బోర్డులో ఏడీఈగా చేసినవాడికి ఈ వయసులో దక్కిన సబ్‌స్టేషన్ అదే.

ప్రశ్న: మాది శాన్ రమోన్. పిల్లలు కాలేజీకి వెళ్ళిపోయారు, ఇంట్లో ఇద్దరమే. ఈ ఏడాది 1,900 యూనిట్లు మిగిలాయి. ఎంతో వస్తుందనుకుంటే 70 డాలర్లు ఇచ్చారు! మా దగ్గర కొనేటప్పుడు యూనిట్ నాలుగు సెంట్లు, మాకు అమ్మేటప్పుడు యాభై సెంట్లా? ఇదేం న్యాయం?

జవాబు: న్యాయం సంగతి శాసనసభవాళ్ళను అడగాలండి. 2009లో చేసిన ఏబీ 920 అనే చట్టం వల్లే ఆ డెబ్బై అయినా వస్తోంది. అది 2011లో అమల్లోకి వచ్చింది. అంతకు ముందు ఏడాది చివర మిగిలిన యూనిట్లు కంపెనీకే ధారాదత్తం. ఇప్పుడిచ్చే ధర టోకు మార్కెట్‌లో కరెంటు సగటు ధర. దాన్ని నెట్ సర్‌ప్లస్ కాంపెన్సేషన్ అంటారు. అది నెలనెలా మారుతుంది గానీ యూనిట్‌కు కొన్ని సెంట్లు దాటదు. వసంతకాలంలో మధ్యాహ్నం కాలిఫోర్నియా అంతటా సోలార్ కరెంటు పొంగిపొర్లుతుంటుంది. ఆ సమయంలో టోకు ధర సున్నాకు దిగిపోవడం, ఒక్కోసారి మైనస్‌లోకి పోవడం కూడా మామూలే.

ఇందులోనే ఇంకో తిరకాసు ఉంది, అందరూ గుర్తుపెట్టుకోవాల్సింది. కొందరికి ఏడాది చివర డాలర్లలో జమ మిగులుతుంది కానీ యూనిట్లలో మిగులు ఉండదు. ఖరీదైన వేళ పంపి, చవక వేళ కారు చార్జింగ్ పెట్టుకునేవాళ్ళకు ఇలా అవుతుంది. అలాంటివాళ్ళకు ఒక్క సెంటు కూడా చేతికి రాదు. 200 డాలర్ల జమ ఉన్నా గీత గీయగానే సున్నా. డబ్బు ఇచ్చేది మిగిలిన యూనిట్లకు మాత్రమే. ట్రూ-అప్ ఇంకో రెండు నెలలుందనగా మీ పేజీలో మైనస్ గుర్తుతో పెద్ద అంకె కనిపిస్తే, ఆ జమను వాడేసుకోవడమే తెలివి. చలిగా ఉంటే ఇల్లు వెచ్చగా పెట్టుకోండి. పక్కింటివాళ్ళ కారుకు చార్జింగ్ ఇచ్చినా మంచిదే, గులాబ్ జామూన్లు వస్తాయి.

మీకైతే ఏటా 1,900 మిగలబోతున్నాయి కాబట్టి ఇంకో దారి ఉంది. మీ గ్యాస్ గీజర్ పాతబడి మార్చాల్సి వస్తే కరెంటుతో నడిచే హీట్ పంప్ గీజర్ వేయించుకోండి. ఒక చిన్న కుటుంబానికి ఏడాదికి వెయ్యి యూనిట్ల పైచిలుకు తింటుంది, గ్యాస్ బిల్లు తగ్గుతుంది. నాలుగు సెంట్లకు అమ్ముకునే యూనిట్లతో స్నానాలు జరిగిపోతాయి.

ప్రశ్న: అంకుల్, మేం ట్రేసీలో 2024లో కొత్త ఇల్లు కొన్నాం. సోలార్ ఇంటితోనే వచ్చింది. ఆఫీసులో నెమ్ 2 వాళ్ళు ఏడాదికోసారి కడతామంటారు. మాకు నెలనెలా బిల్లు వస్తోంది, పైగా సోలార్ లీజు కంపెనీ బిల్లు వేరే. మమ్మల్ని తప్పు ప్లానులో పెట్టారా? మార్పించుకోవచ్చా?

జవాబు: తప్పేమీ లేదు, మార్పించుకోనూ లేరు. మీరు రైలు వెళ్ళిపోయాక స్టేషన్‌కు వచ్చారు.

2020 జనవరి నుంచి కాలిఫోర్నియాలో కొత్తగా కట్టే ఇళ్ళకు సోలార్ ఉండాలన్నది బిల్డింగ్ కోడ్ నియమం. అందుకే అది ఇంటితో వచ్చింది. కానీ 2022 డిసెంబర్ 15న, కరెంటు రేట్లు తేల్చే రాష్ట్ర పబ్లిక్ యుటిలిటీస్ కమిషన్ పద్ధతి మార్చేసింది. 2023 ఏప్రిల్ 14 లోపు దరఖాస్తు పెట్టినవాళ్ళే నెమ్ 2. ఆ ఆఖరి వారాల్లో దరఖాస్తుల కోసం జనం ఎగబడ్డారు. ఆ తర్వాత వచ్చినవాళ్ళందరికీ నెట్ బిల్లింగ్, పీజీ అండ్ ఈ దాన్ని సోలార్ బిల్లింగ్ ప్లాన్ అంటుంది.

తేడా ఎక్కడంటే, నెమ్ 2లో మీరిచ్చే యూనిట్‌కు ఆ వేళ కొనే రేటే ఇంచుమించు జమ అవుతుంది. మీ పద్ధతిలో ఇచ్చేదానికి వేరే ధరల పట్టిక ఉంది. నెలను బట్టి, గంటను బట్టి, పనిరోజా సెలవురోజా అన్నదాన్ని బట్టి ధర మారుతుంది. మామూలు మధ్యాహ్నం కొన్ని సెంట్లే. ఆగస్టు, సెప్టెంబర్ సాయంత్రాల్లో మాత్రం కొన్ని గంటల పాటు ధర ఆకాశంలో ఉంటుంది, అప్పుడు రాష్ట్రమంతా ఏసీలు వేసుకుని కరెంటుకు కటకటలాడుతుంటుంది కాబట్టి. తీసుకున్నదానికి నెలనెలా బిల్లు, ఇచ్చినదానికి జమ అందులోంచి తగ్గింపు. పన్నెండు నెలలకోసారి మీకూ లెక్క చూస్తారు, మిగులు యూనిట్లుంటే పైన చెప్పిన టోకు ధరే. కాబట్టి నెమ్ 2 వాళ్ళలా ఏడాది చివర గుండె ఆగే బిల్లు మీకు రాదు. దాని బదులు నెలనెలా కొంచెం కొంచెం గిల్లుతుంది.

మీ ఇంటికి సూత్రం ఒకటే. పగటి కరెంటు పగలే వాడేయాలి. కారు ఇంట్లో ఉండే రోజు మధ్యాహ్నం చార్జింగ్ పెట్టండి, రాత్రి పెట్టకండి. మీ నెమ్ 2 స్నేహితులు అర్ధరాత్రి చార్జింగ్ పెట్టమని చెబుతారు. వాళ్ళ ఇంటికి అది సరే, మీ ఇంటికి కాదు. బ్యాటరీ పెట్టుకుంటే మీకు పనికొస్తుంది కానీ, సొంతంగా కొనేవాళ్ళకు ఉండిన 30 శాతం ఫెడరల్ పన్ను రాయితీ 2025 డిసెంబర్ 31తో ముగిసింది. పాత రాయితీ లెక్కలు చూపించి అమ్మడానికి వచ్చేవాళ్ళ దగ్గర జాగ్రత్త. లీజు బిల్లు సంగతంటారా, అది మీరు ఇల్లు కొన్నప్పుడు సంతకం పెట్టిన కాగితాల కట్టలో ఉంటుంది. ఏటా ఎంత శాతం పెరుగుతుందో ఆ కాగితంలో ఒక్కసారి చూసుకోండి.

ప్రశ్న: కొత్తగా నెలకు 24 డాలర్ల చార్జీ అంటున్నారు. సోలార్ ఉన్నవాళ్ళం, మాకూనా? — డబ్లిన్

జవాబు: మీకూనే. 2022లో చేసిన చట్టం ప్రకారం కమిషన్ 2024 మేలో ఆమోదించిన బేస్ సర్వీసెస్ చార్జీ ఇది. నెలకు 24.15 డాలర్లు, తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకు 6 లేదా 12. పీజీ అండ్ ఈ ఇళ్ళకు 2026 మార్చి నుంచి. పాత కనీస చార్జీ స్థానంలో ఇది వచ్చింది, కానీ దానిలా ట్రూ-అప్‌లో తిరిగి జమ కాదు. దీనికి బదులుగా యూనిట్ రేటు కొన్ని సెంట్లు తగ్గించారు. సోలార్ లేనివాళ్ళు ఆ తగ్గింపుతో కొంత సర్దుకుంటారు. నెమ్ 2 వాళ్ళకు మాత్రం రెండు వైపులా దెబ్బ. చార్జీ పెరిగింది, పైగా యూనిట్ రేటు తగ్గితే మీరు పంపే యూనిట్‌కు వచ్చే జమ కూడా తగ్గుతుంది. నాకు ఇది నచ్చలేదు. నచ్చకపోయినా కట్టాల్సిందే.

ప్రశ్న: మా బిల్లులో పీజీ అండ్ ఈ పేరుతో ఒక లెక్క, ఆవా పేరుతో ఇంకో లెక్క ఉంది. ఒకే కరెంటుకు ఇద్దరికి కడుతున్నామా? — హేవర్డ్

జవాబు: కరెంటు కొని పెట్టేది ఆవా, తీగ మీద ఇంటికి తెచ్చేది పీజీ అండ్ ఈ. శాన్ హోసేలో శాన్ హోసే క్లీన్ ఎనర్జీ, కూపర్టీనో వైపు సిలికాన్ వ్యాలీ క్లీన్ ఎనర్జీ ఇలాంటివే, ఊళ్ళవాళ్ళే పెట్టుకున్న సంస్థలు. సోలార్ ఇంటికి అందువల్ల రెండు జమాఖర్చులు నడుస్తాయి. రెండిటికీ తేల్చే తేదీ ఒకటే కానక్కర్లేదు, మిగులు యూనిట్ల ధరా ఒకటే కానక్కర్లేదు. కొన్ని సంస్థలు పీజీ అండ్ ఈ కంటే కాస్త ఎక్కువే ఇస్తాయి. మీరు ఒకదాన్నుంచి ఇంకోదానికి మారితే ఆ రోజుకు పాత లెక్క మూసి తేల్చేస్తారు. చలికాలం బాకీ పేరుకుని ఉండగా మారితే ట్రూ-అప్ తొందరగా మీద పడుతుంది, అది చూసుకుని మారండి.

ప్రశ్న: మేం ఆగస్టులో ఇల్లు అమ్మి టెక్సస్‌లో ఫ్రిస్కో వెళ్ళిపోతున్నాం. సోలార్ 2019ది. మా క్రెడిట్లు కొనేవాళ్ళకు వెళ్తాయా? — యూనియన్ సిటీ

జవాబు: క్రెడిట్లు వెళ్ళవు, నెమ్ 2 హక్కు వెళ్తుంది. మీ అకౌంటు మూసిన రోజే మీకు ఆఖరి ట్రూ-అప్ చేస్తారు. మీ ఏడాది ఏప్రిల్‌లో మొదలైందన్నారు, అంటే ఆగస్టుకు జమ బాగా పేరుకుని ఉంటుంది. మామూలుగా ఆ జమ చలికాలానికి అక్కరకొచ్చేది. డిసెంబర్‌లో ఇక్కడ ప్యానెళ్ళు జూన్‌లో ఇచ్చేదాంట్లో మూడో వంతుకు అటూ ఇటూ ఇస్తాయి కదా. మధ్యలోనే మూసేస్తున్నారు కాబట్టి ఆ డాలర్లు పోతాయి. అందుకని జూలై అంతా ఏసీ వేసుకుని సామాను సర్దుకోండి, మొహమాటపడకండి.

కొనేవాళ్ళకు చెప్పాల్సింది చెప్పండి. ఈ వ్యవస్థ గ్రిడ్‌కు కలిపిన రోజు నుంచి 20 ఏళ్ళు నెమ్ 2 ఉంటుంది, అంటే 2039 దాకా. ఇప్పుడు కొత్తగా పెట్టుకునేవాళ్ళెవరికీ దొరకనిది. ప్యానెళ్ళు పెంచాలనుకుంటే ఒక కిలోవాట్ లేదా పది శాతం, ఏది ఎక్కువైతే అంత వరకే. అది దాటితే హక్కు పోతుంది. బ్యాటరీ కలుపుకుంటే పోదు. అమ్మకం కాగితాల్లో ఇవి రాయిస్తే మీ ఇంటికి నాలుగు డబ్బులు ఎక్కువ వస్తాయి. మీ ఏజెంటుకు ఇది తెలియకపోతే మీరే చెప్పండి.

ప్రశ్న: మా అబ్బాయి సన్నీవేల్‌లో ఉంటాడు. ఈ పత్రిక వాడే పంపిస్తాడు. హైదరాబాదులో మా డాబా మీద 3 కిలోవాట్లు పెట్టించాం. మాకూ ఏడాదికోసారేనా ఈ లెక్క? — కొత్తపేట

జవాబు: మీకు ఆరు నెలలకోసారండి. తెలంగాణ విద్యుత్ నియంత్రణ మండలి 2016 నిబంధనల ప్రకారం మిగులు యూనిట్లు నెల నుంచి నెలకు మోసుకుపోతాయి, జూన్‌లోనూ డిసెంబర్‌లోనూ తేలుస్తారు. మీ దగ్గర యూనిట్‌కు యూనిట్ కొట్టేస్తారు కాబట్టి పైన ప్లెజంటన్ ఆయన పడిన గంటల గొడవ మీకు లేదు. మీ లాభమంతా బిల్లు స్లాబులో, అంటే వాడకం పెరిగేకొద్దీ రేటు పెరిగే మెట్లలో ఉంది. ఏసీ వేసే నెలల్లో పై స్లాబులోకి పోయే యూనిట్లను సోలార్ ముందుగా తినేస్తుంది. మీ అబ్బాయి వాళ్ళ లెక్కతో మీది పోల్చుకోకండి. సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్లకు రావాల్సిన 78,000 రూపాయల సబ్సిడీ మీ బ్యాంకు ఖాతాలో పడిందో లేదో మాత్రం చూసుకోండి, ఉత్తరంలో ఆ మాట రాయలేదు.

వచ్చే నెలకు ప్రశ్నలు పంపేవాళ్ళకు మనవి. "బిల్లు ఎక్కువొచ్చింది" అని ఒక్క వాక్యం రాస్తే నేను జోస్యం చెప్పాల్సి వస్తుంది. సోలార్ లెక్కల పేజీ ఫోటో తీసి పంపండి. అకౌంట్ నంబరూ ఇంటి చిరునామా వేలితో మూసేసి తీయండి. ఏ ప్లానులో ఉన్నారో, ట్రూ-అప్ నెల ఏదో, కిందటేటికీ ఈ ఏటికీ ఇంట్లో కొత్తగా ఏం చేరిందో రాయండి. కారైనా, స్విమ్మింగ్ పూల్ మోటారైనా, మామగారైనా సరే.